వేలాడే హైడ్రేంజియా: మధ్యాహ్నం తల వాల్చిందని చెంబెత్తకండి

మా నర్సరీ నల్లగొండలో, దేవరకొండ రోడ్డు మీద. గోడ మీంచి తెల్లపూలు జారుతున్న కుండీ వీడియో చూపించి ‘ఇదే కావాలి’ అనేవాళ్లు ఈమధ్య ఎక్కువయ్యారు. హైడ్రేంజియా అనే పూలపొదలో, జపాన్‌లో ఉషియో సకాజాకి పుట్టించిన ‘రన్‌అవే బ్రైడ్’ రకం అది. 2018లో లండన్ చెల్సీ పూల ప్రదర్శనలో ఆ ఏటి మేటి మొక్కగా గెలిచింది. మొక్కకంటే ముందు దాని గురించిన మాటలు మన ఊరికి చేరాయి.

అపోహ: నీళ్లు ఎన్ని పోసినా తాగుతుంది.

దాహం ఎక్కువే, కాదనను. కానీ మార్చిలో ఒక అక్క కుండీ చంకనేసుకొని వచ్చింది. “తమ్మీ, పొద్దుగాల పోస్తున్న, పగటీలి పోస్తున్న, మాపటికి పోస్తున్న. అయినా తలకాయ వాలుస్తుంది.” వేలు పెడితే లోపల బురద. మొక్కను లాగితే వేర్లు నల్లబడి ఉన్నాయి, పట్టుకుంటే పైతొక్క దారంలా ఊడొచ్చింది, మురుగు వాసన. ఈ పెద్ద ఆకులు ఎండపొద్దున వేర్లు అందించేదానికన్నా ఎక్కువ నీరు ఆవిరి చేస్తాయి. మట్టి తడిగా ఉన్నా వాడేది అందుకే. సాయంత్రం ఆరింటికి చూడండి. తనంతట తాను లేచిందా, వదిలేయండి. లేవకపోతే వేలు రెండు కణుపుల లోతు దించి, పొడిగా తగిలితేనే పోయండి.

అపోహ: ఆకులు పసుపెక్కడం ఫ్లోరైడ్ వల్లే.

మన జిల్లాలో ఏ రోగమొచ్చినా ఫ్లోరైడ్‌నే అనడం అలవాటైంది. ఈ మొక్క విషయంలో నేను ముందు అనుమానించేది బోరు నీళ్ల క్షారగుణాన్ని. అది మట్టి పీహెచ్ (పులుపు, క్షారం కొలిచే అంకె, తగ్గేకొద్దీ పులుపు) పెంచుతుంది, ఇనుము ఉన్నా వేరు తీసుకోలేదు. ఈనెలు పచ్చగా, మధ్యలో పసుపుగా ఉంటే ఇదే. ఇంట్లో ఆర్ఓ మిషన్ వదిలే వృథా నీళ్లు ఇంకా చేటు, వడకట్టిన లవణాలన్నీ వాటిలోనే ఉంటాయి. ఏసీ పైపు కింద బకెట్ పెట్టండి. ఆ నీళ్లలో లవణాలు దాదాపు ఉండవు. వానాకాలంలో చూరు నీళ్లు పట్టుకుంటే సరి.

అపోహ: తుప్పు మేకులు పాతితే పూలు నీలమవుతాయి.

రంగు పూల హైడ్రేంజియాలను నీలంగా మార్చేది అల్యూమినియం, ఇనుము కాదు. అదీ పీహెచ్ 5.5 దగ్గరో అంతకన్నా తక్కువో ఉండే పుల్లటి మట్టిలోనే వేరుకి అందుతుంది. పటికలో అల్యూమినియం ఉంది. నాగపూర్‌లోని పర్యావరణ పరిశోధన సంస్థ ‘నీరి’ రూపొందించిన ‘నల్లగొండ టెక్నిక్’లో తాగునీళ్ల నుంచి ఫ్లోరైడ్ తీయడానికి వేసేదీ పటికే. అందుకని తెల్లరకానికి పటిక నీళ్లు పోస్తే? ఎంత పోసినా నీలం రాదు, మోతాదు మించితే వేర్లు మాడతాయి.

అపోహ: ఇది తీగ, పందిరి వేస్తే పాకుతుంది.

పాకదు, కిందికి వాలుతుంది. అంతే. వేలాడే కుండీయో, పిట్టగోడ అంచో చూడండి.

అపోహ: చలికాలంలో బాగా కత్తిరిస్తే గుబురుగా పూస్తుంది.

నాకు అన్నిటికన్నా కడుపుమండేది ఇది. మామూలు హైడ్రేంజియా ఎక్కువగా కొమ్మ కొసనే పూస్తుంది. ఇది కొమ్మ పొడవునా, ఆకు ఆకు దగ్గరా పూస్తుంది. కానీ పాత కొమ్మ మీదే. మొగ్గలు చలికాలానికి ముందే లోపల తయారై కూర్చుంటాయి. సంక్రాంతికి ఇల్లు సర్దుతూ కత్తెర పట్టారంటే ఆ ఏటి పూలన్నీ చెత్తబుట్టలోకే. కత్తిరించాలంటే పూలు వాడిన వెంటనే, కొంచెమే.

ఇంకో సంగతి, అమ్మేవాణ్ణి చెప్పకూడదేమో. లోపలి మొగ్గ విచ్చి పూయడానికి దీనికి వారాల తరబడి చల్లదనం కావాలి, మన చలికాలం అందుకు చాలీచాలదు. మొదటి ఏడు పూసినట్టు రెండో ఏడు పూస్తుందని నేను మాటివ్వను. మేలో 44 డిగ్రీలు దాటే రోజుల్లో తూర్పు వరండాలోకి మార్చండి, నల్ల ప్లాస్టిక్ కుండీ ఉంటే మట్టికుండీలో దించి పెట్టండి.

మేకలు తిరిగే వాకిలైతే కుండీ ఎత్తులో కట్టండి. ఆకులో విషగుణం ఉంది.