గడ్డర్ మీది పేరు కట్టినవాళ్లది కాదు

వరంగల్ గిర్మాజిపేట నుంచి మొన్న ఒక పెద్దమ్మ ఫోన్ చేసింది. "బిడ్డా, మా ఇంటి గడ్డర్ మీద డోర్మన్ లాంగ్ అని ఉందని మనుమడు చదివిండు. వంతెనలు కట్టిన ఇంగ్లండ్ కంపెనీ అట గదా, సర్కారు ఇల్లు గుంజుకుంటదా?" టెన్షన్‌తో రెండు రాత్రులు నిద్రలేదట. ఆ కంపెనీ పనుల్లో ఏవి మిగిలాయో వెతుకుతుంటాను కాబట్టి ఇలాంటి ఫోన్లు నాకు మామూలే.

అపోహ: గడ్డర్ (ఉక్కు దూలం) మీద ఎవరి పేరుంటే వాళ్లే కట్టారు.

వాస్తవం: అది ఉక్కును రోలర్ల మధ్య నొక్కి దూలంగా చేసిన, అంటే రోల్ చేసిన మిల్లు పేరు. 1932లో తెరిచిన సిడ్నీ హార్బర్ వంతెన కట్టింది డోర్మన్ లాంగే, నిజమే. కానీ ఇంగ్లండ్‌లోని మిడిల్స్‌బ్రోలో రోల్ చేసిన దూలాలను దేశదేశాలకు అమ్మింది కూడా వాళ్లే. కొన్నవాళ్లు వాగు మీద వేసుకున్నారు, మిద్దెకూ వేసుకున్నారు.

మిల్లు పేరు రోలర్‌కే చెక్కి ఉంటుంది. అందుకే అక్షరాలు ఉబ్బెత్తుగా, సమాన దూరంలో మళ్లీ మళ్లీ వస్తాయి. సుద్దముక్క రుద్దితే తేలుతాయి. కట్టినవాళ్ల పేరు కావాలంటే వంతెన మొదట్లో బిగించిన ప్లేటు చూడాలి. అది ఊడిపోతే బోల్టు రంధ్రాలైనా ఉంటాయి. ఆ తర్వాత పాత డ్రాయింగులే దిక్కు.

నేనూ బోల్తా పడ్డాను. మొదట్లో ఒక గడ్డర్ మీద డోర్మన్ లాంగ్ పేరు చూసి, ఒక చిన్న వంతెనను వాళ్లు కట్టినవాటి జాబితాలో సంబరంగా ఎక్కించా. అవతలి గడ్డర్ కింద దూరి చూస్తే టాటా పేరు! అక్కడే కూర్చుని జాబితాలోంచి కొట్టేశా.

ఈ అపోహకు డబ్బులు పోగొట్టుకున్నవాళ్లున్నారు. "సిడ్నీ వంతెన కంపెనీ మాల్" అన్న పాత ఇనుము వ్యాపారి మాట నమ్మి ఒకాయన పాత గడ్డర్లను మూడింతల ధర పెట్టి కొన్నాడు. తీరా చూస్తే అంచులు తుప్పుకు పొరలుగా లేస్తున్నాయి. పేరు చూశాడు, మందం కొలవలేదు.

మిగతా అపోహలు రెండు ముక్కల్లో. ప్రభుత్వం నోటిఫై చేస్తేనే రక్షిత కట్టడం, దూలం మీద పేరుంటే కాదు. వంతెనకు వందేళ్లు నిండాయని డోర్మన్ లాంగ్ కంపెనీ ఉత్తరం రాసిందన్న వాట్సాప్ కథ వదిలేయండి: 1967లోనే ఆ కంపెనీని జాతీయం చేసి, బ్రిటన్ ప్రభుత్వ సంస్థ బ్రిటిష్ స్టీల్‌లో కలిపేశారు. వంతెన పనికొస్తుందో లేదో తుప్పు, పునాది కింద నీటి కోత చూసి చెప్పాలి. వంతెన నిలవడానికి నరబలి ఇచ్చారన్న కథలకైతే జవాబు కూడా దండగ.

పెద్దమ్మ ఇంటికి వెళ్లాను. సున్నం పొరల కింద సగం అక్షరాలు, వాటి పక్కనే ముని మనుమరాలి ఊయల కొక్కెం. ఇల్లు ఎవరూ తీసుకోరని చెప్పగానే చాయ్ చేతికిచ్చి, గొంతు తగ్గించి అడిగింది: "అయితే బిడ్డా, అమ్మితే కూడా ఎక్కువ పైసలు రావన్నట్టేనా?"