శనక్కాయల సుగ్గి, కంట్లో పుండు, ఎర్రదనం తగ్గించే చుక్కలు

శనక్కాయల సుగ్గి వచ్చిందంటే అనంతపురం, కర్నూలు, కడప జిల్లాల కంటి ఓపీల్లో ఒకే తరహా కేసులు వరస కడతాయి. కట్టె పీకేటప్పుడో, మిషన్‌కు వేసేటప్పుడో కంట్లో పొట్టు పడుతుంది. రెండు మూడు రోజులకు కన్ను ఎర్రబడి నీళ్లు కారుతుంది. ఊళ్లోని మందుల షాపులో చుక్కల మందు తెచ్చి వేసుకుంటారు. ఎర్రదనం తగ్గుతుంది, నొప్పి తగ్గుతుంది, మనిషి మళ్లీ చేనికి పోతాడు. పది పదిహేను రోజులకు నల్లగుడ్డు మీద తెల్లమచ్చతో పెద్దాసుపత్రికి వస్తాడు. తగువు అక్కడ మొదలవుతుంది. ఆ చుక్కల్లో వాపునూ ఎర్రదనాన్నీ అణిచే స్టెరాయిడ్ అనే మందు ఉంది, కన్ను దానివల్లే చెడిందని కంటి డాక్టర్లు అంటారు. అందులో యాంటీబయాటిక్ కూడా ఉంది కదా, డాక్టర్లు రాసేదీ అదే కదా, రైతు ఆలస్యంగా పోతే మా తప్పేముందని షాపులవాళ్లూ ఆర్‌ఎంపీలూ అంటారు. ఈ సుగ్గికీ మాట అక్కడే ఆగింది.

కంట్లో నలుసు పడితే చనుబాలు పిండడం, ఆముదం వేయడం, చివరికి కంట్లో పువ్వు మిగలడం ఈ సీమలో తెలియనివాళ్లు లేరు. అదంతా మళ్లీ చెప్పుకోనక్కర్లేదు. పొట్టుతో పాటు కంట్లోకి చేరి ఈ పుండు చేసేది తరచు బూజు, అంటే ఫంగస్. ఈ తగువు తేలాలంటే చూడాల్సింది బూజు మీద 1982లో అచ్చయిన ఒక పరిశోధన.

అప్పటిదాకా వైద్యుల మాట ఒకటే: ఒంట్లో నిరోధక శక్తి తగ్గితే బూజు పెరుగుతుంది. నిరోధక శక్తి అనే ఆ మూటను ఆ ఏడు ఆండ్రియాస్ షాఫ్నర్ బృందం విప్పి చూసింది. ఎలుకల్లో ఆస్పర్జిల్లస్ అనే బూజు మీద చేసిన ఆ పనిలో రెండు కాపలాలు వేరువేరుగా కనబడ్డాయి. మొదటిది మాక్రోఫేజ్‌లది. ఇవి కణజాలంలోనే కాపురం ఉండే కణాలు. బూజు బీజం మొలకెత్తకముందే దాన్ని మింగి లోపల చంపుతాయి. అవి వదిలేసిన బీజం మొలకెత్తి దారంలా సాగితే, ఆ తంతువును చంపే పని రక్తంలోంచి వచ్చే తెల్లకణాలైన న్యూట్రోఫిల్స్‌ది. కార్టిజోన్ అనే స్టెరాయిడ్ ఇచ్చిన ఎలుకల్లో మొదటి కాపలా పడిపోయింది. అక్కడ మాక్రోఫేజ్‌లు బీజాల్ని చంపలేకపోయాయి, బీజాలు హాయిగా మొలకెత్తాయి. అంటే స్టెరాయిడ్ ఒంటిని మొత్తంగా నీరసపరచడం వల్ల బూజు గెలవడం లేదు. బీజం మొలక కాకుండా ఆపే ఆ ఒక్క మెట్టును అది తీసేస్తోంది.

లోపల ఏం జరుగుతుందో 2013లో గ్రీస్ దేశపు క్రీట్ దీవి పరిశోధకులు ఇంకాస్త దగ్గరగా చూపించారు. బీజాన్ని మింగిన కణం దాని చుట్టూ ఒక సంచి కట్టి, ఆ సంచికి ఎల్‌సీ-3 అనే ప్రొటీన్ తొడిగితేనే జీర్ణరసాలు అందులోకి చేరతాయి. స్టెరాయిడ్ ఆ ప్రొటీన్‌ను సంచి దగ్గరికి రానివ్వదు. బీజం కణం కడుపులోనే ఉంటుంది, చావదు.

అసలు బీజాన్ని కణం ఎలా గుర్తుపడుతుందన్నది అంతకుముందే తేలింది. బూజు గోడలో బీటా గ్లూకాన్ అనే చక్కెర గొలుసు ఉంటుంది. మాక్రోఫేజ్ ఒంటి మీద దాన్ని పట్టుకునే కొక్కెం డెక్టిన్‌-1 అని 2001లో గుర్తించారు. అయితే గాలిలో తేలే ఎండు బీజానికి రోడ్‌ఎ అనే నీరంటని పొర కప్పి ఉంటుంది, గ్లూకాన్ బయటికి కనిపించదు. ఆ పొర కణాల కన్నుగప్పుతుందని 2009లో తేలింది. తడి తగిలి కొన్ని గంటల్లో బీజం ఉబ్బుతుంది, పొర చిట్లుతుంది, గ్లూకాన్ బయటపడుతుంది. కణం మేల్కొనేది అప్పుడే. పొట్టు పడిన మొదటి రోజు కన్ను పెద్దగా ఎర్రబడకపోవడానికి ఇదీ ఒక కారణం కావచ్చు. ఆ రోజు ఏమీ కాలేదనుకుని ఊరుకుంటాం, బీజం మాత్రం ఊరుకోదు.

ఆ పొట్టు మీద ఉండే బూజు ఏదన్నది కూడా ఈ ప్రాంతానికి ముఖ్యం. కాయ ఊరే చివరి వారాల్లో వాన ఎగ్గొడితే శనక్కాయల్లో ఆస్పర్జిల్లస్ ఫ్లేవస్ చేరుతుంది. గింజ మీద పచ్చగా పట్టే, అఫ్లటాక్సిన్ విషం చేసే బూజు అదే. మన దేశంలో ఆస్పర్జిల్లస్ వల్ల వచ్చే కంటి పుండ్లలో తరచుగా దొరికేది కూడా ఫ్లేవసే. హైదరాబాద్‌లోని ఎల్‌వీ ప్రసాద్ కంటి ఆసుపత్రి పదేళ్ల ఫంగస్ పుండ్ల లెక్కను 2002లో ప్రచురించింది. అందులో ఫ్యుజేరియం అనే మరో బూజు దాదాపు 37 శాతం, ఆస్పర్జిల్లస్ దాదాపు 30 శాతం. సగానికి పైగా కేసుల్లో ముందు కంటికి దెబ్బ తగిలింది.

ఇక కంట్లోకి వద్దాం. నల్లగుడ్డు మీది పారదర్శకమైన పొర, కార్నియా, మధ్యలో అర మిల్లీమీటరు మందం. అందులో రక్తనాళాలు లేవు, ఉంటే చూపు మసకబారేది. కాపురం ఉండే మాక్రోఫేజ్‌లూ కొద్దిగానే ఉంటాయి. కాబట్టి మొదటి కాపలా మొదటినుంచీ పలచనే. భారమంతా రెండోదాని మీద పడుతుంది. న్యూట్రోఫిల్స్ నల్లగుడ్డు అంచున ఉన్న రక్తనాళాల్లోంచి దిగి, పొరలో ఈదుకుంటూ పుండు దగ్గరికి రావాలి. మదురై అరవింద్ ఆసుపత్రి రోగుల పుండ్లను పరీక్షించి 2011లో ప్రచురించిన అధ్యయనంలో, తొలి దశలో చేరిన కణాల్లో 90 శాతానికి పైగా న్యూట్రోఫిల్సే. నల్లగుడ్డు మీద కనబడే ఆ తెల్లమచ్చలో ఎక్కువ భాగం బూజు కాదన్నమాట, మన ఒంటి కణాలే.

న్యూట్రోఫిల్ 12 నుంచి 15 మైక్రాన్లు ఉంటుంది (మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యోవంతు). ఫ్లేవస్ బీజం 3 నుంచి 6. మింగడం తేలిక. మొలకెత్తిన తంతువు మాత్రం కణానికి ఎన్నో రెట్లు పొడవు, మింగుడుపడదు. ఎదురుగా ఉన్నది మింగగలిగేదా కాదా అన్నది న్యూట్రోఫిల్ డెక్టిన్‌-1 తోనే తేల్చుకుంటుందని 2014లో తెలిసింది. మింగలేనిదైతే తన డీఎన్‌ఏనే వలలా బయటికి విసురుతుంది. తంతువును చుట్టుముట్టి ఘాటైన ఆక్సిజన్ రసాయనాలు చిమ్ముతుంది. బూజుకు కావలసిన జింకు, ఇనుము అందకుండా కట్టేస్తుంది. ఆ ఆక్సిజన్ రసాయనాలు తయారుచేసే ఎంజైమ్ పుట్టుకతోనే లోపించిన పిల్లల్ని ఎక్కువగా బలిగొనే జబ్బుల్లో ఆస్పర్జిల్లస్ ముందువరసలో ఉంది. ఈ ఆయుధం విలువ దానివల్లే తెలిసింది.

షాపులవాళ్ల మాటలో సగం నిజం ఉన్నది ఇక్కడే. న్యూట్రోఫిల్ వదిలే ఎంజైములు బూజునూ కార్నియానూ వేరుగా చూడవు. కార్నియాను నిలబెట్టే కొల్లాజెన్‌నూ కోసేస్తాయి. పందికొక్కును పట్టాలని గట్టు తవ్వినట్టే. పుండు కరిగి చిల్లి పడడానికి బూజుతో పాటు మన కణాలూ కారణమే. మరి ఆ కణాల్ని స్టెరాయిడ్‌తో అదుపు చేస్తే మంచిదే కదా? బూజు చచ్చాక అయితే ఆలోచించవచ్చు. బతికుండగా చేస్తే తవ్వేవాళ్లను పంపేసి పందికొక్కును గట్టులోనే వదిలినట్టు. స్టెరాయిడ్ చుక్కతో నాళాలు బిగుస్తాయి, న్యూట్రోఫిల్స్ దిగడం తగ్గుతుంది, ఎరుపు పోతుంది, నొప్పి పోతుంది. దాంతో కలిపిన యాంటీబయాటిక్ బూజును తాకనైనా తాకదు, ఎందుకంటే అది పట్టుకునే భాగాలు బాక్టీరియాకే ఉంటాయి. పైకి పుండు సద్దుమణిగినట్టు ఉంటుంది, తంతువులు లోపలి పొరలు దాటి కంటి ముందరి గదిలోకి దిగుతాయి. అక్కడికి చేరాక చుక్కల మందుతో అందుకోవడం చాలా కష్టం.

‘స్టెరాయిడ్ వేసినా నష్టం లేదని పెద్ద అధ్యయనమే చెప్పింది’ అనే వాదన 2012 తర్వాత ఊపందుకుంది. ఆ అధ్యయనం నిజమే. 500 మంది రోగులు, ఎక్కువమంది అరవింద్ కేంద్రాల్లోనివాళ్లు. మూడు నెలల తర్వాత చూపులో మొత్తం మీద తేడా రాలేదు. కానీ అది ల్యాబులో మొలిపించి చూసే పరీక్ష, కల్చర్‌లో బాక్టీరియా అని తేలిన పుండ్ల మీద చేసింది. ఫంగస్ ఉన్నవాళ్లను అందులో చేర్చుకోలేదు. 48 గంటలు మాక్సిఫ్లాక్సాసిన్ అనే యాంటీబయాటిక్ వేశాకే స్టెరాయిడ్ మొదలుపెట్టారు. ఈ మూడు షరతుల్లో ఒక్కటీ మందుల షాపు బల్ల ముందు నెరవేరదు.

చట్టం మాట కూడా ఒక వాక్యంలో: పైపూత మందులకు, చీటీ మీదే అమ్మాల్సిన మందుల జాబితా అయిన షెడ్యూల్ హెచ్‌లో ఉన్న మినహాయింపు కంటి మందులకు లేదు, కాబట్టి చీటీ లేకుండా ఈ చుక్కలు అమ్మడం ముందునుంచీ తప్పే. చీటీ ఉన్నంత మాత్రాన సరిపోదన్నదీ నిజం. పుండును గీకి చూడకుండా ఈ జోడు చుక్కలు రాసే చేతులు కొన్ని ఉన్నాయి.

గీకి చూడడం పెద్ద పని కాదు. మత్తు చుక్క వేసి, 15వ నంబరు బ్లేడుతో పుండు అంచూ అడుగూ గీకుతారు. ఒక స్లైడు మీద 10 శాతం పొటాషియం హైడ్రాక్సైడ్ వేస్తే మిగతా కణాలు కరిగి, అడ్డుగీతలున్న తంతువులు మైక్రోస్కోపులో కొమ్మల్లా కనబడతాయి. దీనికి నిమిషాలు చాలు. ఇంకో స్లైడుకు బాక్టీరియాను చూపే గ్రామ్ రంగు వేస్తారు. కల్చర్ ప్లేటు మీద సి ఆకారంలో గీస్తారు, గీత మీద మొలిచినదే పుండులోది, పక్కన మొలిచింది గాలిలోంచి పడినది. ఇక్కడ తరచు జరిగే పొరపాటు, మచ్చ మధ్యలో పైపైన గీకడం. అక్కడ దొరికేది చీము కణాలే, బూజు అంచుల్లో పాకుతూ ఉంటుంది.

బూజు పుండుకు మందు నాటామైసిన్ 5 శాతం చుక్కలు. వోరికొనజోల్ కొత్తది, ఖరీదైనది, కంట్లోకి బాగా ఇంకుతుంది కాబట్టి అదే మేలనుకున్నారు. 323 మంది మీద అరవింద్ కేంద్రాల్లో చేసి 2013లో ప్రచురించిన పోలికలో పాత నాటామైసినే గెలిచింది, ఫ్యుజేరియంలో మరీ స్పష్టంగా. నాటామైసిన్ నీళ్లలో కరగదు, తెల్లటి పొడిగా తేలుతుంది. సీసా బాగా ఊపకపోతే పొడి అడుగున ఉండిపోతుంది, కంట్లో పడేది నీళ్లే. మొదట్లో మెలకువగా ఉన్నంతసేపూ గంటకో చుక్క. ఇంకో మందు వేయాలంటే ఐదు నిమిషాలు ఆగాలి. లోతుకు దిగదు కాబట్టి పుండు పైపొరను డాక్టరు మళ్లీ మళ్లీ గీకి తీయాల్సి వస్తుంది. వారంలో తగ్గదు, వారాలు పడుతుంది. పుండు మీద మిగిలే మందు తెలుపును చూసి మచ్చ పెరిగిందని మానేసేవాళ్లు ఎక్కువ.

దెబ్బ తగిలిన తొలి గంటల సంగతి నేపాల్‌లోని భక్తపూర్‌లో తేలింది. నల్లగుడ్డు గీసుకుపోయిన 442 మందికి ఊళ్లోనే స్టెరాయిడ్ లేని ఒట్టి యాంటీబయాటిక్, క్లోరాంఫెనికాల్ ఆయింట్‌మెంట్ ఇచ్చారు. 18 గంటల్లోపు మొదలుపెట్టినవాళ్లలో ఒక్కరికీ పుండు రాలేదు. ఆ ఫలితం 2001లో అచ్చయింది. ఆశా కార్యకర్త సంచిలో పట్టే మందు ఇది.

తగువులో ఎవరూ ఎత్తని సంగతి ఇంకొకటి ఉంది. స్టెరాయిడ్ సీసా ప్రతిసారీ షాపునుంచే రాదు. అవ్వకు శుక్లం ఆపరేషన్ అయ్యాక ఇచ్చిన చుక్కలు సగం మిగిలి గూట్లో ఉంటాయి. డెక్సామెథసోన్, ప్రెడ్నిసొలోన్, బీటామెథసోన్, లోటెప్రెడ్నాల్: సీసా మీద వీటిలో ఏ పేరున్నా అది స్టెరాయిడే.

అలాంటి చుక్కలు వాడి వచ్చినవాళ్లకు స్టెరాయిడ్ ఆపి నాటామైసిన్ మొదలుపెడితే, ఒకటి రెండు రోజుల్లో కన్ను ముందుకంటే ఎర్రబడుతుంది, నొప్పి పెరుగుతుంది. అంతదాకా ఆగిపోయిన న్యూట్రోఫిల్స్ మళ్లీ దిగుతున్నాయి. ఆ సంగతి ముందే చెప్పి పంపకపోతే, కొత్త మందు కంటిని మండిస్తోందనుకుని మనిషి మళ్లీ పాత సీసానే తీస్తాడు.