వేసే జడ, కట్టే జడలు

తిరుపతి

చిన్నీకి, బుజ్జిగాడికి అమ్మమ్మ ఆశీస్సులు.

మొన్న ఫోన్లో చిన్ని అడిగినదానికి నవ్వేసి ఊరుకున్నాను. సైన్సు పుస్తకంలో ‘జడత్వం’ అని ఉందట, తన జడకీ దానికీ ఏం సంబంధమని! ఏమీ లేదు తల్లీ. ఆ ‘జడ’ సంస్కృతం నుంచి ఉన్నదున్నట్టు వచ్చింది. కదలిక లేనిది, చైతన్యం లేనిది అని అర్థం. బస్సు ఠక్కున ఆగితే ముందుకు తూలిపడతామే, అదీ జడత్వమే. నీ వీపు మీది జడ వేరే ఇంటి పిల్ల. ‘జట’ నుంచి పుట్టింది. సంస్కృతంలోని ‘ట’ తెలుగులో ఒక్కోసారి ‘డ’ అవుతుంది. ఘటిక గడియ అయింది చూడు, అలాగే. మన పక్క తమిళులు సడై అంటారు, కన్నడిగులు జడె అంటారు. మనది మూడు భాషలు కలిసేచోటు కదా, పూలమ్మే ఆమె ఏదన్నా మనకు తెలిసిపోతుంది.

తమాషా ఏమిటంటే, జట అంటే అల్లిన జుట్టు కాదు. దువ్వెన ముట్టక చిక్కుపడి అట్టకట్టిన జుట్టు. తపస్సు చేసుకునే మునులకు ఉండేది అదే. శివుడు గంగను పట్టి ఆపింది ఆ జటల్లోనే. మనవాళ్లేమో నూనె రాసి, చిక్కు తీసి, మూడు పాయలుగా అల్లినదానికి ఆ పేరు పెట్టుకున్నారు. అలాగని పాత అర్థం పోయిందా? పోలేదు. ‘జడ వేసుకుంది’ అంటే ముచ్చట, ‘జుట్టు జడలు కట్టింది’ అంటే తిట్టు. వెయ్యడానికీ కట్టడానికీ అంత తేడా! చలికొండల్లో ఒళ్లంతా బొచ్చు వేలాడే యాక్‌ను జడలబర్రె అంటాం. దానికెవరూ జడ వేయలేదు మరి.

పాయలన్నాను కదా, నదికీ పాయలే, జడకీ పాయలే. జడకు సంస్కృతంలో ‘వేణి’ అని పేరు. ప్రయాగలో గంగ, యమున, కంటికి కనబడని సరస్వతి కలిసేచోటు త్రివేణి. పాయ మీద పాయ వేస్తున్నప్పుడల్లా నాకు అదే గుర్తొస్తుంది.

జడకుప్పెలు, సవరం, మల్లెమొగ్గలు కుట్టిన పూలజడ మీ అమ్మ పెళ్లి ఫోటోల్లో ఉన్నాయి, చూడండి. బుజ్జిగా, నవ్వకు. మన గంగమ్మ జాతరలో మగవాళ్లే చీరలు కట్టి, సవరాలు పెట్టి, పూలు తురుముకుని వస్తారు. మీ తాత కూడా ఒక ఏడాది మొక్కు తీర్చుకున్నాడు. ఆయనకు జడ వేసింది నేనే. ఆ చిక్కు తీసేసరికి నా ప్రాణం పోయింది!

కొండమీద మాత్రం జడలో పూలు పెట్టుకోకూడదు. అక్కడి పూలన్నీ స్వామివే. మొక్కుకున్న ఆడవాళ్లు గుండు వద్దనుకుంటే జడ కొసన మూడు కత్తెరలిస్తారు. స్వామికి ఇచ్చిన జుట్టు ఇక జడ కాదు, తలనీలాలు.

జాతర మే నెలలో, మీకూ సెలవులే. రండి, మల్లెలు మూరలకొద్దీ కొంటాను. చిన్నీ, నూనె వద్దని పరుగెత్తావో, వీధిలో అందరి ముందూ జడలబర్రె అనే పిలుస్తా.

మీ అమ్మమ్మ