గల్ఫ్ ప్రయాణం: మా షెడ్డులో రోజూ వినే అపోహలు, నేను చూసిన వాస్తవాలు

ఒడిశాలోని బరంపురంలో నా షెడ్డుకి రెండు రకాల వాళ్ళు వస్తారు. పొద్దున వచ్చేవాళ్ళు పైపు ఫిట్టింగ్, వెల్డింగ్ నేర్చుకోవడానికి. సాయంత్రం వచ్చేవాళ్ళు ఫోన్‌లో గల్ఫ్ ఉద్యోగం ఆఫర్ లెటర్ పీడీఎఫ్ తెరిచి, "మాస్టారూ, ఇది ఒక్కసారి చూసి పెట్టండి" అని అడగడానికి. ఇచ్ఛాపురం, కవిటి, సోంపేట నుంచి వస్తారు. ఇటు పర్లాకిమిడి, కాశీనగర్ నుంచీ వస్తారు. సౌదీలో జుబైల్, యూఏఈలో రువైస్, ఖతార్‌లో రాస్ లఫాన్ కలిపి పద్నాలుగేళ్ళు చేసొచ్చాను కాబట్టి ఆ పీడీఎఫ్ చదవడం నాకు అలవాటే. మన కుర్రాళ్ళకి పనిలో వంక పెట్టలేం. 6జీ అనే కష్టమైన పైపు వెల్డింగ్ పరీక్షలో చక్కగా రూట్ పాస్ (మొదటి వరస వెల్డింగ్) వేసేవాడు కూడా ఆఫర్ లెటర్ రెండో పేజీకి మాత్రం వెళ్ళడు. నాకు తెలిసిన కష్టాల్లో ఎక్కువ భాగం రైలెక్కకముందే, ఆ రెండో పేజీలోనే మొదలయ్యాయి.

అపోహ: ఎక్కువ డబ్బు తీసుకునే ఏజెంటే మంచి కంపెనీకి పంపుతాడు.

లైసెన్స్ ఉన్న రిక్రూటింగ్ ఏజెంట్ మన దగ్గర తీసుకోదగిన సర్వీస్ చార్జీ గరిష్ఠంగా 30,000 రూపాయలు. దాని మీద 18 శాతం జీఎస్టీ వేస్తే 35,400 అవుతుంది. దానికి రసీదు ఇవ్వాలి. లైసెన్స్ ఇచ్చేది ఢిల్లీలోని విదేశాంగ శాఖ కాబట్టి "మనం ఒడిశా వాళ్ళం, మనకి వేరే రేటు" అనే మాట ఉత్తిది. ఏజెంట్ పేరు, లైసెన్స్ నంబర్ ఆ శాఖ వాళ్ళ ఈ-మైగ్రేట్ సైట్‌లో కొడితే అది నడుస్తోందో, గడువు తీరిందో తెలిసిపోతుంది. రెండు నిమిషాల పని.

మన ఊళ్ళల్లో చిక్కేమిటంటే డబ్బు తీసుకునేవాడు ఆ లైసెన్స్ ఉన్నవాడు కాదు. మేనమామ కొడుకో, తోడల్లుడో, పక్క వీధి బావో అయి ఉంటాడు. అతను ఇంకొకడికి ఇస్తాడు, వాడు ముంబైలో మరొకడికి ఇస్తాడు. చట్టంలో సబ్-ఏజెంట్ అనేవాడే లేడు. బావని రసీదు అడగడానికి మనకి మొహమాటం. ఆ మొహమాటం ఖరీదు ఎంతో లెక్క వేసి చూపిస్తాను. లక్షన్నర రూపాయలు నూటికి మూడు వడ్డీకి తెస్తే నెలకి 4,500 వడ్డీ. అంటే అక్కడ సంపాదించే ప్రతి జీతంలో ఆ మేరకు దిర్హాములు అసలు జోలికి పోకుండానే కరిగిపోతాయి. పైగా యూఏఈ చట్టం ప్రకారం రిక్రూట్‌మెంట్ ఖర్చు కంపెనీయే భరించాలి, కార్మికుడి మీద వేయకూడదు.

నేను అందరికీ చెప్పే పరీక్ష ఒకటే. రసీదు అడగండి. ఎదుటివాడి ముఖం మారితే అక్కడి నుంచి లేచి వచ్చేయండి, వాడు బావైనా సరే.

అపోహ: "జీతం 1,450 అన్నారు మాస్టారూ, బాగానే ఉంది కదా."

మొన్న ఒక స్కాఫోల్డర్ (పరంజా కట్టేవాడు) తెచ్చిన యూఏఈ ఆఫర్ లెటర్ చూద్దాం. ఏజెంట్ నోటి మాట 1,450 దిర్హాములు. కాగితం మీద బేసిక్ 900. ఫుడ్ అలవెన్స్ 300. మిగతాది ఓటీ, అంటే అదనపు గంటల డబ్బు. ఆ ఓటీ ఎలా వచ్చిందంటే, 900ని 30 రోజులతో, 8 గంటలతో భాగిస్తే గంటకి 3 దిర్హాముల 75 ఫిల్స్. ఓటీకి దాని మీద పాతిక శాతం ఎక్కువ, అంటే సుమారు 4.69. రోజుకి రెండు గంటలు, 26 రోజులు, మొత్తం 52 గంటలకి 243 చిల్లర. మూడూ కూడితే 1,443. ఏజెంట్ అబద్ధం చెప్పలేదు, కూడిక చేసి చెప్పాడంతే.

పని తగ్గి ఓటీ ఆగిన నెలలో చేతికొచ్చేది 1,200. తిండి ఖర్చు అందులోంచే. పూర్తిగా ఇంటికొచ్చేసేటప్పుడు ఇచ్చే గ్రాట్యుటీ కూడా బేసిక్ మీదే కడతారు. యూఏఈలో మొదటి ఐదేళ్ళకి ఏడాదికి 21 రోజుల బేసిక్. నాలుగేళ్ళు చేస్తే 2,520 దిర్హాములు. మా స్కాఫోల్డర్ 1,450 మీద లెక్క కట్టుకుని నాలుగు వేల పైచిలుకు అనుకున్నాడు. చెల్లెలి పెళ్ళి లెక్కలో ఆ డబ్బు అప్పటికే కలిపేశాడు. కాగితం మీద 900 చుట్టూ ఎర్ర పెన్నుతో సున్నా చుట్టి చేతికిచ్చాను. కాసేపు ఏం మాట్లాడలేదు.

అందుకే ముందు బేసిక్ ఎంతో అడగండి. తర్వాత డ్యూటీ గంటలు, వసతి ఎవరిది, రెండేళ్ళకి టికెట్ ఇస్తారా లేదా. మొత్తం ఎంత అన్నది ఆఖర్న.

అపోహ: ఏ వీసా అయితేనేం, దిగాక మార్చుకోవచ్చు.

ఇది నేను సొంతంగా తిన్న దెబ్బ. మొదటిసారి సౌదీ వెళ్ళినప్పుడు ఏజెంట్ నన్ను ఫిట్టర్‌గా ఎంపిక చేశాడు, ట్రేడ్ టెస్ట్ కూడా పెట్టాడు. పాస్‌పోర్ట్‌లో వీసా అంటించి ఉంది, అంతా అరబ్బీ. జుబైల్ క్యాంపులో ఇకామా (అక్కడ ఉండేందుకు ఇచ్చే గుర్తింపు కార్డు) చేతికొచ్చాక ఒక మలయాళీ క్లర్కు చదివి చెప్పాడు: వృత్తి దగ్గర "ఆమిల్" అని ఉందట. అంటే కూలీ. చేసేది ఫిట్టర్ పని, పడేది కూలీ జీతం. ఎవరికి చెప్పుకున్నా "నీ ఇకామాలో ఉన్నదే ఇస్తున్నాం కదా" అనేవారు. రెండేళ్ళు అలాగే నెట్టుకొచ్చాను. ఇప్పుడు మీ ఫోన్ కెమెరా పెడితే అరబ్బీ తెలుగులోకి వచ్చేస్తుంది. వీసా కాపీ రాగానే వృత్తి గడి మీద పెట్టి చూసుకోండి.

విజిట్ వీసా మీద వెళ్ళి మార్చుకోవడం సంగతికొస్తే, దుబాయ్‌లో మారిన వాళ్ళు ఉన్నారు. కాదనను. కానీ మారేదాకా పని చేయడం అక్కడ నేరం. అలా చేసిన రోజుల జీతం ఎగ్గొడితే లేబర్ ఆఫీసు రికార్డులో మీ పేరే ఉండదు.

"ఆజాద్ వీసా", "ఫ్రీ వీసా" అనే రకం ఏ దేశపు చట్టంలోనూ లేదు. ఒక కఫీల్ (వీసా ఇచ్చిన యజమాని) పేరు మీద వెళ్ళి, వాడికి ఏటా డబ్బు కడుతూ బయట దొరికిన పని చేసుకోవడమే ఆజాద్ అంటే. వాడికి కోపమొచ్చి హురూబ్ పెడితే, అంటే పారిపోయాడని రిపోర్ట్ ఇస్తే, ఆ క్షణం నుంచి మీరు ఖల్లివల్లి, కాగితాలు లేని మనిషి.

అపోహ: ఈసీఆర్ పాస్‌పోర్ట్ అంటే తక్కువ రకం.

పది పాస్ కానివాళ్ళకి ఈసీఆర్, అంటే ఎమిగ్రేషన్ తనిఖీ తప్పనిసరి అన్న పాస్‌పోర్ట్ వస్తుంది. ఆ పాస్‌పోర్ట్‌తో గల్ఫ్, మలేసియా సహా 18 దేశాలకి ఉద్యోగానికి వెళ్ళాలంటే ఎమిగ్రేషన్ క్లియరెన్స్ కావాలి. దీన్ని అడ్డంకి అనుకుంటారు. 1983 ఎమిగ్రేషన్ చట్టం కింద మీ అగ్రిమెంట్‌ని ఒక ప్రభుత్వ అధికారి చూసే ఒకే ఒక్క చోటు అది. దానితో పాటే ప్రవాసీ భారతీయ బీమా వస్తుంది. రెండేళ్ళకి 275 రూపాయలు, మూడేళ్ళకి 375, పైన పన్ను. ప్రమాదంలో మరణించినా, శాశ్వతంగా అవిటితనం వచ్చినా పది లక్షలు. విజిట్ వీసా మీద జారుకున్న ఈసీఆర్ వాడికి ఈ రెండూ ఉండవు. ఐటీఐ చదివి ఈసీఎన్ఆర్ (ఆ తనిఖీ అక్కర్లేని పాస్‌పోర్ట్) ఉన్నవాడి కాగితం ఎవరూ చూడరు, కాబట్టి వాడే ఎక్కువ జాగ్రత్తగా చూసుకోవాలి.

పాలసీ కాపీ మీ ఫోన్‌లో ఒక్కదాంట్లోనే పెట్టుకుంటే లాభం లేదు. ఇంట్లో భార్యకో, అమ్మకో ప్రింటు ఇచ్చి వెళ్ళండి.

అపోహ: పేరులో ఒక్క అక్షరం తేడా ఏం చేస్తుందిలే.

ఇది అచ్చంగా మన సరిహద్దు తెలుగువాళ్ళ తలనొప్పి. ఒడియాలో 'వ' పలికేది 'బ'గానే కదా. ఇంట్లో వెంకటరావు, బడి రిజిస్టర్‌లో బెంకట రావు. ఆధార్‌లో శ్రీనివాస్, పదో తరగతి సర్టిఫికెట్‌లో శ్రీనిబాస్. ఆంధ్రాలో ఉన్న అన్నకి ఇంటిపేరు ముందు, ఇక్కడ చదివిన తమ్ముడికి ఇంటిపేరు చివర. కొందరికి అసలు ఇంటిపేరే ఎక్కదు. 2022 నవంబర్ నుంచి యూఏఈ ఒకే పేరున్న పాస్‌పోర్ట్‌ల మీద రానివ్వడం ఆపింది. ఇక సర్టిఫికెట్ అటెస్టేషన్ (అసలుదేనని ధ్రువీకరణ) దగ్గర సౌదీకి మన విదేశాంగ శాఖ వేసే అపోస్టిల్ ముద్ర చాలు, 2022 డిసెంబర్ నుంచి. యూఏఈ, ఖతార్, కువైట్‌లకి మాత్రం ఎంబసీ ముద్ర కావాలి. రెండు చోట్లా 'బ', 'వ' తేడా బయటపడుతుంది. పాస్‌పోర్ట్‌కి అప్లై చేసేటప్పుడే పది సర్టిఫికెట్‌లో పేరు ఎలా ఉంటే అలాగే పెట్టి, మిగతావి దానికి సరిచేయించుకోండి. వీసా వచ్చాక చేయించుకుందాం అనుకున్నవాళ్ళు గడువు దాటించుకుని ఇక్కడే కూర్చున్నారు.

అపోహ: డిగ్రీ చదివాం, మాకు ఎండలో పని కాదు, కంప్యూటర్ ఉద్యోగం.

థాయిలాండ్‌లో డేటా ఎంట్రీ, ఇంటర్వ్యూ టెలిగ్రామ్‌లో, టికెట్ వాళ్ళదే. అలా వెళ్ళిన వాళ్ళని కంబోడియా, మయన్మార్ కాంపౌండ్లలో పెట్టి సైబర్ మోసాలు చేయించారు. 2024లో విశాఖ పోలీసులు ఈ వ్యవహారం బయటపెట్టినప్పుడు మన చుట్టుపక్కల పిల్లల కథలు చాలా విన్నాం. టైపింగ్ తప్ప ఏ నైపుణ్యమూ అడగకుండా లక్ష జీతం ఇస్తామంటే ఎందుకిస్తున్నారో ఆలోచించండి.

అపోహ: కంపెనీ వదలనంటే చచ్చేదాకా అక్కడే.

ఈ మాట పాతబడింది. ఖతార్‌లో 2020 సెప్టెంబర్ నుంచి కంపెనీ మారడానికి పాత యజమాని ఎన్‌ఓసీ (అభ్యంతరం లేదన్న కాగితం) అక్కర్లేదు. 2021 మార్చి నుంచి కనీస జీతం 1,000 రియాళ్ళు. వసతి ఇవ్వకపోతే మరో 500, తిండి పెట్టకపోతే 300. సౌదీ కూడా 2021లో కొంత సడలించింది. పాస్‌పోర్ట్ కంపెనీ దగ్గర పెట్టుకోవడం ఈ దేశాల్లో చట్టవిరుద్ధమే. అయినా పెట్టుకుంటారు, అది వేరే సంగతి. ఇబ్బంది వస్తే ఎంబసీకి, లేదా మన విదేశాంగ శాఖ ఫిర్యాదుల సైట్ మదద్‌లో ఫిర్యాదు పెట్టండి. ఇక్కడ ఇంట్లోవాళ్ళు 1800 11 3090కి చేయొచ్చు.

అపోహ: ఒకసారి వెళ్తే అక్కడే సెటిల్ అయిపోవచ్చు.

గల్ఫ్‌లో మనలాంటి వాళ్ళకి సెటిల్‌మెంట్ అనేదే లేదు. ముప్ఫై ఏళ్ళు చేసినా వీసా ఆగిన రోజు సామాను సర్దుకోవాల్సిందే. యూఏఈలో భార్యాపిల్లల్ని తెచ్చుకోవాలంటే జీతం కనీసం 4,000 దిర్హాములు, లేదా 3,000తో పాటు వసతి ఉండాలి. పైన చెప్పిన 900 బేసిక్ పక్కన పెట్టి చూసుకోండి. కెనడా, జర్మనీ దారులు వేరు. అక్కడ ఉండిపోవడానికి చట్టం ఉంది, కానీ భాష పరీక్ష, చదువు గుర్తింపు, బ్యాంకులో డబ్బు చూపించాలి. "పీఆర్ (శాశ్వత నివాసం) గ్యారంటీ" అని బోర్డు పెట్టినవాడికి ఆ గ్యారంటీ ఇచ్చే అధికారం ఏ దేశమూ ఇవ్వలేదు.

మా గంజాం జిల్లా వాళ్ళకి ఇలా సర్దుకుని రావడం కొత్త కాదు. గోపాల్‌పూర్‌లో స్టీమరెక్కి బర్మాలోని రంగూన్ వెళ్ళిన పెద్దలు అక్కడే ఇళ్ళు కట్టుకున్నారు. 1942లో జపాన్ వాళ్ళు వస్తుంటే వేలమంది అడవుల్లో నడిచి వచ్చారు. మిగిలినవాళ్ళలో చాలామంది 1962 తర్వాత వచ్చేశారు. విశాఖలో బర్మా క్యాంపు అనే పేట ఇప్పటికీ ఉంది.

అపోహ: తిరిగొచ్చేశాడంటే ఏదో అయిందన్నమాట.

నేను వచ్చేసి ఆరేళ్ళు దాటింది. షెడ్డు పెట్టాను, అప్పులు లేవు. బడాబజార్‌లో కూరగాయలు కొంటుంటే తెలిసినవాళ్ళు ఎదురై ఇప్పటికీ అడుగుతారు, "సెలవు మీద వచ్చావా బాబూ? మళ్ళీ ఎప్పుడు ప్రయాణం?" అని. మొదట్లో ఓపిగ్గా చెప్పేవాణ్ణి. ఇప్పుడు "ఠాకురాణి జాతర అయ్యాక" అనేసి సంచి పట్టుకుని వచ్చేస్తున్నాను.