తోటివాళ్లు చెబితే వింటారా?

కారు నడిపే కంప్యూటర్ గేమ్‌తో మార్గో గార్డ్‌నర్, లారెన్స్ స్టీన్‌బర్గ్ అనే అమెరికన్ మనస్తత్వ శాస్త్రవేత్తలు చేసిన ప్రయోగం ఒకటి 2005లో వెలువడింది. పక్కన స్నేహితులు ఉంటే 13–16 ఏళ్ల పిల్లలు ఒంటరిగా ఆడినప్పటికంటే చాలా ఎక్కువ రిస్కు తీసుకున్నారు. 24 దాటినవాళ్ల మీద ఆ ప్రభావం దాదాపు కనిపించలేదు. టీనేజీలో స్నేహితులకున్న ఈ పట్టునే మంచివైపు తిప్పవచ్చన్న ఆశతో హెచ్‌ఐవీ నివారణలోకి పీర్ ఎడ్యుకేటర్లు వచ్చారు. శిక్షణ తీసుకున్న అబ్బాయిలు, అమ్మాయిలు తమ ఈడువాళ్లతో తామే మాట్లాడతారు.

రోగాలతో పోరాడే సీడీ4 అనే తెల్లరక్త కణాలను వైరస్ ఎలా దెబ్బతీస్తుందో పాఠ్యపుస్తకమైనా చెబుతుంది. టీచర్‌ని అడగలేని ప్రశ్నలు వేరే ఉంటాయి. ఒక్కసారికే అంటుకుంటుందా? మనిషిని చూస్తే తెలిసిపోదా? టెస్టుకి వెళితే ఇంట్లో తెలుస్తుందా? ఒక్కసారికే అంటుకోవచ్చు. చూస్తే తెలియదు, వైరస్ ఒంట్లో ఉన్నా ఏళ్ల తరబడి ఆరోగ్యంగానే కనిపిస్తారు. మూడో ప్రశ్నకు జవాబు చట్టాన్ని బట్టి, క్లినిక్‌ని బట్టి మారుతుంది. దగ్గర్లోని క్లినిక్‌లో పద్ధతి ఏమిటో తెలిసిన ఎడ్యుకేటర్ మాటే అక్కడ పనికొస్తుంది.

నా దృష్టిలో అసలు ఉపయోగం టైమ్ దగ్గర ఉంది. కండోమ్ చిరిగినా, బలాత్కారం జరిగినా 72 గంటల్లోపు మందులు మొదలుపెట్టి 28 రోజులు వాడితే, వైరస్ ఒంట్లో పాతుకుపోకుండా చాలావరకు అడ్డుకోవచ్చు. ఎంత త్వరగా మొదలుపెడితే అంత మంచిది. ఆ గంటల్ని మింగేసేవి సిగ్గూ భయమే. ఆ రాత్రే ఎవరికో ఒకరికి ఫోన్ చేయగలగాలి. అమ్మానాన్నలకు చాలామంది చేయరు. పైగా మర్నాడే టెస్టు చేయించుకుని నెగటివ్ వచ్చిందని ఊపిరి పీల్చుకోవడమూ ప్రమాదమే. వైరస్‌ను ఎదుర్కోవడానికి ఒళ్లు తయారుచేసే ప్రొటీన్లను వెతికే యాంటీబాడీ పరీక్షలో ఇన్‌ఫెక్షన్ బయటపడటానికి 90 రోజుల వరకు పట్టవచ్చు.

ఇంతకీ ఈ పద్ధతి పనిచేస్తుందా? ఇక్కడ ఉత్సాహం కాస్త తగ్గించుకోవాలి. ఇంగ్లండ్‌లో 27 స్కూళ్లతో జరిగిన ట్రయల్ ఫలితాలు 2004లో వచ్చాయి. సగం స్కూళ్లలో 16–17 ఏళ్ల విద్యార్థులే 13–14 ఏళ్లవాళ్లకు లైంగిక విద్య బోధించారు. టీచర్ల క్లాసుల కన్నా ఇవే పిల్లలకు నచ్చాయి. 16 ఏళ్లకే సెక్స్ అనుభవం ఉందన్న అమ్మాయిలు టీచర్లు చెప్పినచోట 41 శాతం, విద్యార్థులు చెప్పినచోట 35 శాతం. అబ్బాయిల్లో తేడా లేదు. రక్షణ లేని మొదటి కలయికలూ తగ్గలేదు.

ఎవరు చెబుతున్నారన్నది ఎంత ముఖ్యమో, ఏం చెబుతున్నారన్నదీ అంతే. ఆర్థికవేత్త పాస్కలీన్ డ్యూపా కెన్యాలో చేసిన అధ్యయనం (2011) ఇందుకు మంచి ఉదాహరణ. పెళ్లిదాకా ఆగమనే అధికారిక పాఠాల మీద టీచర్లకు శిక్షణ ఇచ్చినా టీనేజీ గర్భాలు తగ్గలేదు. వయసులో పెద్దవాళ్లయిన మగవాళ్లలో హెచ్‌ఐవీ ఎంత ఎక్కువో లెక్కలతో చూపించినచోట 28 శాతం తగ్గాయి. చెప్పింది తోటి పిల్లలు కూడా కాదు!

జింబాబ్వేలోని జ్వాందిరి కార్యక్రమం మరో దారి పట్టింది. హెచ్‌ఐవీతో జీవిస్తున్న 18–24 ఏళ్లవాళ్లే అక్కడ టీనేజర్ల ఇళ్లకు వెళతారు, మందులు గుర్తుచేస్తారు, దిగులు వింటారు. 16 క్లినిక్‌లలో జరిపిన ట్రయల్‌లో, 96 వారాల తర్వాత వైరస్ అదుపులో లేనివాళ్లు, చనిపోయినవాళ్లు కలిపి మామూలు చికిత్సలో 36 శాతం ఉంటే ఇక్కడ 25 శాతమే. ఇది నివారణ కూడా. రక్తంలో వైరస్ పరీక్షకు దొరకనంతగా తగ్గినవారి నుంచి సెక్స్ ద్వారా ఇతరులకు సోకదు.

అయితే ఇలా ఇళ్లచుట్టూ తిరగడం ఖర్చుతో కూడిన పని. శిక్షణకు, ప్రయాణాలకు డబ్బు కావాలి. బరువైన కథలు విని అలసిపోయినప్పుడు ఆ ఎడ్యుకేటర్లకూ ఒక కౌన్సెలర్ కావాలి. వయసు కూడా ఆగదు. కొన్నేళ్లకు ఈ ఎడ్యుకేటర్లు టీనేజర్ల కళ్లకు పెద్దవాళ్లయిపోతారు, మళ్లీ కొత్తవాళ్లను తయారుచేయాలి. బడ్జెట్ వేసేవాళ్లు సాధారణంగా మర్చిపోయే పద్దు ఇదే.