పోడు పట్టాల వెనుక చరిత్ర: ఇల్లెందు నుంచి వినిపించిన గొంతు

తెలంగాణ ప్రభుత్వం 2023 జూన్ 30న ఆసిఫాబాద్‌లో పోడు, అంటే అటవీ భూముల్లో గిరిజనులు చేసుకునే సాగుకు పట్టాల పంపిణీని ప్రారంభించింది. లక్షన్నర మందికి పైగా గిరిజనులకు నాలుగు లక్షల ఎకరాలకు పైగా భూమిపై హక్కు పత్రాలు ఇస్తున్నట్టు ప్రకటించింది. ఆ పత్రాల వెనుక ఉన్న సుదీర్ఘ పోరాటాన్ని చెప్పేటప్పుడు ఇల్లెందు మాజీ శాసనసభ్యుడు గుమ్మడి నర్సయ్యను వదిలివేయలేము.

సీపీఐ (ఎంఎల్) ఉద్యమం నుంచి వచ్చిన నర్సయ్య 1983, 1985, 1989 ఎన్నికల్లో వరుసగా గెలిచారు. 1994లో ఓడిపోయి, 1999లోనూ 2004లోనూ మళ్లీ ఎన్నికయ్యారు. ఆయన సైకిల్ గురించీ, ఆర్టీసీ బస్సు ప్రయాణాల గురించీ పత్రికలు పదే పదే రాశాయి. ఆ నిరాడంబరత గౌరవించదగినదే. కానీ ఐదు సార్లు గెలిచిన మనిషిని సైకిల్‌తోనే గుర్తుపెట్టుకుంటే, ఏ ప్రశ్న కోసం ప్రజలు ఆయనను అసెంబ్లీకి పంపారో అది మరుగున పడుతుంది. పోడు భూములకు హక్కు, ఏజెన్సీ భూములు గిరిజనేతరుల పాలు కాకుండా చూసే 1/70 చట్టం సక్రమ అమలు, బీడీలు చుట్టే తునికాకు కట్టకు గిట్టుబాటు ధర: ఆయన రాజకీయ జీవితమంతా ఈ మూడింటి చుట్టూనే నడిచింది.

వీటిలో అన్నింటికన్నా చిక్కుముడి పోడు. అడవులను రిజర్వు చేసినప్పుడు గీసిన హద్దుల లోపల అప్పటికే సాగులో ఉన్న చెలకలు చాలాచోట్ల చిక్కుకుపోయాయి. తాతల నాటి నుంచి దున్నుకుంటున్నవారు సైతం ఆక్రమణదారులుగా కేసులు, జరిమానాలు ఎదుర్కొన్నారు. ఏజెన్సీలో భూమి గిరిజనేతరుల చేతికి పోవడాన్ని 1970 నాటి ఒకటో నిబంధన, అంటే 1/70, నిషేధించింది గానీ, అటవీ శాఖ తనదని చెప్పే భూమిలో సాగుదారుకు అది పట్టా ఇవ్వలేదు. 1980లో వచ్చిన అటవీ సంరక్షణ చట్టం, కేంద్రం అనుమతి లేకుండా అటవీ భూమిని ఇతర అవసరాలకు మళ్లించకూడదన్నది. దాంతో హైదరాబాద్‌లో ఏ శాసనసభ్యుడు పోడు పట్టా అడిగినా, అది తమ చేతిలో లేదని చెప్పే వీలు ప్రభుత్వానికి చిక్కింది. నర్సయ్య తొలిసారి సభలో అడుగుపెట్టింది ఆ చట్టం వచ్చిన మూడేళ్లకే. 1990లలో అటవీ శాఖ ఊళ్లలో ఏర్పాటు చేసిన వన సంరక్షణ సమితుల పేరిట మొక్కలు నాటినప్పుడు మరికొంత పోడు సాగుదారుల చేయి జారింది.

ఆయన ఐదో పదవీకాలంలో, 2006 డిసెంబరులో, పార్లమెంటు అటవీ హక్కుల చట్టాన్ని ఆమోదించింది. 2005 డిసెంబరు 13 నాటికి సాగులో ఉన్న గిరిజన కుటుంబానికి నాలుగు హెక్టార్ల పరిమితితో హక్కు లభిస్తుంది. పత్రం భార్యాభర్తలిద్దరి పేరిట ఉంటుంది, వారసులకు వస్తుంది, అమ్ముకోవడానికి మాత్రం వీలుండదు. ఈ చట్టంలో నాకు విలువైనదిగా కనిపించేది సాక్ష్యాల జాబితా. కాగితం లేనివారు పొలం గట్టును, బావిని, ఇంటిని, పూర్వీకుల సమాధిని చూపవచ్చు. ఊరి పెద్దలు ఇచ్చే వాంగ్మూలమూ చెల్లుతుంది. దరఖాస్తును మొదట పరిశీలించేది గ్రామసభ. ఆ తరువాత అది డివిజన్, జిల్లా కమిటీలకు వెళ్తుంది.

చిక్కంతా పై కమిటీల దగ్గరే వచ్చింది. గ్రామసభలు ఆమోదించిన దరఖాస్తులు కూడా పెద్ద సంఖ్యలో తిరస్కరణకు గురయ్యాయి. కారణమేమిటో చాలామందికి రాతపూర్వకంగా చెప్పలేదు. తిరస్కరణకు గురైనవారిని ఖాళీ చేయించాలని 2019 ఫిబ్రవరి 13న సుప్రీంకోర్టు ఆదేశించి, దేశమంతటా ఆందోళన రేగడంతో అదే నెల 28న ఆ ఉత్తర్వును నిలిపివేసింది. ఇటు తెలంగాణలో రాష్ట్ర ప్రభుత్వ మొక్కల పెంపకం కార్యక్రమమైన హరితహారం కోసం పోడు చెలకల్లోకి అటవీ సిబ్బంది వెళ్లిన ప్రతిచోటా ఘర్షణ రేగే పరిస్థితి ఏర్పడింది. 2022 నవంబరులో భద్రాద్రి కొత్తగూడెం జిల్లా చండ్రుగొండ మండలంలో విధుల్లో ఉన్న అటవీ రేంజి అధికారి హత్యకు గురయ్యారు. అడవి బిడ్డల హక్కును సమర్థించే వారెవరూ ఆ హత్యను సమర్థించలేరు. హక్కు తేల్చకుండా ఏళ్ల తరబడి నాన్చడం వల్ల సాగుదారుకూ అటవీ ఉద్యోగికీ మధ్య ఎంత విషం పేరుకుందో మాత్రం అది చూపింది.

2023 పంపిణీ ఈ పరిస్థితిలోనే జరిగింది. అటవీ హక్కుల చట్టం కింద హక్కు కోరే గిరిజనేతర పేదలు మూడు తరాలుగా, అంటే 75 ఏళ్లుగా, అక్కడే ఉన్నామని రుజువు చేసుకోవాలన్న షరతు ఇంకా అలాగే ఉంది. తిరస్కరణకు గురైన దరఖాస్తులను తిరిగి పరిశీలించాలనే డిమాండు ఏజెన్సీ గ్రామాల్లో ఇప్పటికీ వినిపిస్తూనే ఉంది.