పంచిన పాట, రాసిచ్చిన పాట: కొత్త గాయకుల తొలి రికార్డింగుల వెనక ఉన్న చరిత్ర

హైదరాబాద్‌లో కృష్ణానగర్, యూసుఫ్‌గూడ పరిసరాల్లో ఒక్క గదిలోనే నడిచే రికార్డింగ్ స్టూడియోలు ఉన్నాయి. సినిమాలో ట్రాక్ పాడే అవకాశం కోసం ఎదురుచూసేవారు, జిల్లాల నుంచి జానపదాన్ని వెంటబెట్టుకొని వచ్చినవారు, ఉద్యోగం చేసుకుంటూ సెలవు రోజుల్లో సొంత బ్యాండ్ నడుపుకొనేవారు తమ తొలి పాటను ఇలాంటి గదుల్లోనే రికార్డు చేయించుకుంటారు. పాట సిద్ధమై చేతికి వచ్చిన రోజునే ప్రశ్న కూడా వస్తుంది: దీన్ని అమ్మాలా, ఊరికే వినిపించాలా? ఊరికే ఇచ్చిన దానికి విలువ ఉండదని కొందరంటే, పేరే తెలియని గాయకుడి పాటను డబ్బు పెట్టి ఎవరు కొంటారని మరికొందరు అడుగుతారు. ఈ వాదన ఇంటర్నెట్‌తో పుట్టినది కాదు, మన దేశంలో పాటను రికార్డు చేయడం మొదలైన నాటి నుంచీ ఇది ఏదో ఒక రూపంలో ఉంది. ఆ చరిత్రను వరసగా చూస్తే రెండు వేర్వేరు సంగతులు ఒకే మాట కింద కలిసిపోయాయని తెలుస్తుంది. పాటను నలుగురికీ పంచడం ఒకటి, పాట మీది హక్కును రాసిచ్చేయడం మరొకటి.

1902 నవంబరులో గ్రామఫోన్ కంపెనీ తరఫున ఫ్రెడ్ గైస్‌బర్గ్ కలకత్తాలో గౌహర్ జాన్ గొంతును రికార్డు చేశాడు. పాట చివర ఆమె తన పేరు తానే చెప్పుకోవడం ఆ రికార్డుల్లో వినిపిస్తుంది. అచ్చు వేయడానికి వాటిని జర్మనీ పంపేవారు కనుక, అక్కడి పనివారికి పాడినది ఎవరో తెలియడానికి ఆ ఏర్పాటు చేశారని చెబుతారు. అలా రికార్డు మీద పేరు నిలిచింది కాని, ఆ రికార్డుపై యాజమాన్యం మాత్రం కంపెనీదే. పెద్ద పేరున్న కొద్దిమందిని మినహాయిస్తే, తర్వాతి దశాబ్దాల్లో కూడా పాడినవారికి ఒక్కసారి ముట్టే పారితోషికంతోనే లావాదేవీ ముగిసిపోయేది.

తెలుగువారికి బాగా తెలిసిన ఉదాహరణ ‘మా తెలుగు తల్లికి మల్లెపూదండ’. శంకరంబాడి సుందరాచారి ఆ పాటను 1942 నాటి ‘దీనబంధు’ సినిమా కోసం రాశారు. సినిమాలో దానికి చోటు దొరకలేదు. తర్వాత టంగుటూరి సూర్యకుమారి గొంతుతో హెచ్.ఎం.వి. రికార్డుగా వచ్చి ఇంటింటికీ చేరింది. 1975లో హైదరాబాద్‌లో ప్రపంచ తెలుగు మహాసభలు జరిగే నాటికి అది ఒక జాతి పాట స్థాయిని అందుకుంది. రాసిన కవి చివరి రోజులు మాత్రం లేమిలోనే గడిచాయి. పాట ఎంత దూరం వెళ్ళిందన్నది, దాని కర్తకు ఏం దక్కిందన్నది వేర్వేరు లెక్కలని చెప్పడానికి ఇంతకంటే బాధాకరమైన ఉదాహరణ నాకు తోచదు.

రేడియో ఇంకొక మార్గం చూపించింది. 1930లలో మొదలైన దక్కన్ రేడియో నిజాం ప్రభుత్వం చేతుల్లో నడిచి, 1950లో ఆకాశవాణిలో భాగమైంది. ఆడిషన్‌లో నెగ్గి గ్రేడు సంపాదించిన కళాకారుడికి కార్యక్రమానికి ఇంత అని పారితోషికం ఉండేది. వినేవారు పాటకు విడిగా ఏమీ చెల్లించేవారు కాదు, రేడియో సెట్టుకు లైసెన్సు రుసుము కట్టేవారు, అంతే. వినేవారికి పాట ఉచితంగా అందినంత మాత్రాన పాడినవారు ఉచితంగా పాడవలసిన పని లేదని ఆ ఏర్పాటు కొన్ని దశాబ్దాల పాటు నిరూపించింది. ఇప్పటి వాదనలో ఈ సంగతిని దాదాపు అందరూ మరిచిపోతున్నారు.

అసలైన మలుపు క్యాసెట్‌తో వచ్చింది. గ్రామఫోన్ రికార్డు అచ్చు వేయాలంటే కర్మాగారం కావాలి, క్యాసెట్‌కు రెండు డెక్కులు చాలు. 1980లలో టి-సిరీస్ వంటి కొత్త కంపెనీలు క్యాసెట్ ధరను బాగా దించి, పాన్ డబ్బాల్లోనూ కిరాణా కొట్లలోనూ అమ్మించాయి. ఒక పాట మొదటి రికార్డు వచ్చాక, నోటీసు ఇచ్చి రాయల్టీ కట్టి, అదే పాటను వేరే గొంతుతో మళ్ళీ రికార్డు చేసుకోవచ్చని అప్పటి కాపీరైట్ చట్టంలో ఒక వెసులుబాటు ఉండేది. దానిని ఆసరా చేసుకొని ‘వెర్షన్’ క్యాసెట్లు వెల్లువెత్తాయి, ఆ వెల్లువలోనే ఎందరో కొత్త గాయకులకు తొలి అవకాశం దొరికింది.

అదే కాలంలో తెలుగు నేల మీద అందుకు పూర్తిగా భిన్నమైన క్యాసెట్ ప్రయాణం కూడా సాగింది. 1970లలో ఏర్పడిన జన నాట్య మండలి పాటలు, ముఖ్యంగా గద్దర్ పాటలు, సభల దగ్గర అమ్మిన క్యాసెట్ల నుంచి, ఆ క్యాసెట్‌ను మరొక క్యాసెట్‌లోకి ఎక్కించుకున్నవారి నుంచి పల్లెపల్లెకూ వెళ్ళాయి. 1990లో నిజాం కళాశాల మైదానంలో గద్దర్ పాట వినడానికి జనసముద్రం తరలివచ్చిందంటే, అందులో చాలామంది అంతకుముందే ఆ గొంతును ఎక్కడో ఒక నకలు క్యాసెట్‌లో విన్నవారే అయి ఉంటారు. ఆ పాటలకు నకలు తీయడాన్ని ఎవరూ దొంగతనంగా చూడలేదు, ఎందుకంటే అవి ప్రచారం కోసమే పుట్టాయి. అయితే ఉద్యమ గాయకుడి వెనక ఒక సంస్థ, ఒక లక్ష్యం ఉంటాయని, ఇంటి అద్దెకు వెతుక్కొనే యువ గాయకుడి వెనక అవి ఉండవని గుర్తుంచుకోవాలి. ‘గద్దర్ పంచలేదా’ అని కొత్తవారితో అనడం తేలిక, కాని ఆ పోలిక నిలవదు.

సీడీలు, ఎంపీ3లు ఈ కథలో కొద్దికాలమే ఉన్నాయి. 1999లో నాప్‌స్టర్ రావడంతో పాట ఫైలును ఇంటర్నెట్‌లో ఒకరికొకరు ఇచ్చిపుచ్చుకోవడం ప్రపంచమంతటా మామూలైపోయింది, హైదరాబాద్ ఫుట్‌పాత్‌ల మీద వందేసి పాటల ఎంపీ3 సీడీలు దొరకడం మొదలయ్యాక ఒక్క కొత్త గాయకుడి ఆల్బమ్‌ను విడిగా కొనే అలవాటు సడలిపోయింది. 2007 అక్టోబరులో రేడియోహెడ్ అనే ఇంగ్లండ్ బృందం తమ ఏడో ఆల్బమ్‌ను ‘మీకు తోచినంత ఇవ్వండి’ అంటూ ఇంటర్నెట్‌లో పెట్టినప్పుడు, ఇక దారి ఇదేనని ఎందరో రాశారు. ఆ బృందానికి అప్పటికే ఆరు ఆల్బమ్‌ల పేరు, లక్షల మంది అభిమానులు ఉన్నారు. ఊరికే ఇచ్చినా కొనేవారు దొరికే స్థితికి చేరిన తర్వాత చేసిన ప్రయోగం అది, మొదటి పాటతో వచ్చేవారికి అది నమూనా కాలేదు. 2008లో మొదలైన బ్యాండ్‌క్యాంప్ అనే పాటల అమ్మకపు వెబ్‌సైటు చిన్నవారికి అంతకంటే ఎక్కువ మేలు చేసింది. ధరను కళాకారుడే నిర్ణయించుకోవచ్చు, సున్నా పెట్టి ఇష్టమైనవారిని ఎక్కువ ఇవ్వమనవచ్చు, డిజిటల్ అమ్మకంలో వేదిక సాధారణంగా తీసుకొనేది 15 శాతం. కాని తెలుగు శ్రోతల్లో ఆ అలవాటు వేళ్ళూనుకోలేదు.

ఇక్కడ అలవాటును మార్చింది 2016 సెప్టెంబరులో వచ్చిన జియో. డేటా ధర పడిపోగానే యూట్యూబే తెలుగువారి రేడియో అయింది. ధూల్‌పేట ప్రాంతం నుంచి వచ్చిన రాహుల్ సిప్లిగంజ్ అంతకుముందే సొంత పాటలను యూట్యూబ్‌లో ఉచితంగా వినిపిస్తూ గుర్తింపు తెచ్చుకున్నారు, 2023లో ఆస్కార్ అందుకున్న ‘నాటు నాటు’ పాడిన ఇద్దరిలో ఆయన ఒకరు. ఇలాంటి ప్రయాణాన్ని చూసి ఉచితమే విజయానికి దారి అనుకుంటారు. అలా వినిపించిన వేలమందిలో ఎందరి పేర్లు మనకు తెలియవో కూడా ఆలోచించాలి. పైగా వేదికలు కూడా గడపను ఎత్తు చేశాయి. యూట్యూబ్‌లో ప్రకటనల ఆదాయంలో వాటా రావడానికి 2018 నుంచి కనీసం 1,000 మంది చందాదారులు, ఏడాదిలో 4,000 గంటల వీక్షణ ఉండాలన్నారు. 2019లో భారత్‌లో అడుగుపెట్టిన స్పాటిఫై, గత 12 నెలల్లో 1,000 సార్లు వినని పాటకు రికార్డింగ్ రాయల్టీ ఇవ్వబోనని 2023 చివర్లో తేల్చి చెప్పి, 2024 నుంచి అమలు చేసింది. తొలి పాటకు సంబంధించినంత వరకూ ‘అమ్మకం’ అన్నది పేరుకే మిగిలింది. స్పాటిఫైలో పెట్టినవారు కూడా ఆచరణలో ఉచితంగా ఇస్తున్నవారే.

కనుక వినడానికి ధర పెట్టాలా వద్దా అన్న దాని మీద ఇంత వాదన అవసరం లేదని నా అభిప్రాయం. వాదించవలసింది కాగితం మీద, అంటే ఒప్పందం మీద. కాపీరైట్ చట్టానికి 2012లో వచ్చిన సవరణ ఈ విషయంలో ఎంతో కీలకమైనది. సౌండ్ రికార్డింగులో భాగమైన పాటను రాసినవారు, బాణీ కట్టినవారు రాయల్టీలో తమ సమాన వాటాను హక్కులు తీసుకున్న కంపెనీకి వదులుకొనే వీలు లేకుండా ఆ సవరణ అడ్డుగోడ కట్టింది. ఒప్పందం నాటికి వాడుకలో లేని మాధ్యమం తర్వాత పుట్టుకొస్తే, దాని పేరు ఒప్పందంలో ప్రత్యేకంగా లేనంతవరకు ఆ హక్కు కంపెనీకి చెందదని కూడా చెప్పింది. పాడినవారి హక్కు వేరు, అది 50 ఏళ్ళు ఉంటుంది. వారి తరఫున రాయల్టీ వసూలుకు గాయకుల సంఘం ఇస్రా (ఇప్పటి పేరు ఇసామ్రా) 2013లో కాపీరైట్ సొసైటీగా నమోదు కాగా, రచయితలకు, సంగీత దర్శకులకు 1969 నుంచే ఇండియన్ పెర్ఫార్మింగ్ రైట్ సొసైటీ (ఐపీఆర్ఎస్) ఉంది. ఈ రెండింటి పేర్లు కూడా వినకుండానే తొలి పాట విడుదల చేసేవారు మన నగరంలో ఉన్నారు, నన్ను బాధపెట్టేది ఉచితం కాదు, ఇదే.

జానపదంలో చిక్కు మరింత లోతు. అమ్మమ్మ పాడిన పాటకు కర్త ఎవరో చెప్పలేం. దాన్ని సేకరించి పాడినవారికి ఉన్న హక్కు ఎంతో కూడా స్పష్టంగా చెప్పలేం. 2021లో ‘సారంగ దరియా’ సినిమా పాటగా వచ్చినప్పుడు, తాను సేకరించి టీవీ కార్యక్రమంలో పాడిన పాట అది అని ఒక జానపద గాయని అభ్యంతరం చెప్పడంతో ఈ ప్రశ్న ఇళ్ళలో కూడా చర్చకు వచ్చింది. పల్లె గొంతును ఊరికే రికార్డు చేసుకొని, ఆ రికార్డింగును తన పేర నమోదు చేసుకున్న యూట్యూబ్ ఛానల్, రేపు అదే మనిషి తన పాటను వేరేచోట పెట్టుకుంటే అది తనదేనని దాని మీదే కాపీరైట్ క్లెయిమ్ వేయగలదు.

హక్కుల బదిలీ ఎంతకాలమో ఒప్పందంలో రాయకపోతే 5 ఏళ్ళేనని, ఏ ప్రాంతానికో రాయకపోతే భారతదేశానికేనని కాపీరైట్ చట్టంలోని 19వ సెక్షన్ చెబుతోంది. ఒప్పందంలో కాలం, ప్రాంతం రాసే గడి ఖాళీగా ఉన్నంతవరకే ఈ రక్షణ. ‘శాశ్వతంగా, ప్రపంచమంతటా’ అన్న మాటలు అందులో పడిన క్షణం నుంచి అది వర్తించదు. ఆ మాటలుండే కాగితం ఎక్కువగా ఇంగ్లీషులో ఉంటుంది, రికార్డింగ్ ఖర్చు మేమే పెట్టుకుంటామన్న హామీతో పాటు చేతికి వస్తుంది, సంతకం అదే రోజు కావాలంటారు.